దింపుడు కళ్ళం దగ్గర టెంటు

మేకు దిగలేదు. సత్యం సమ్మెట కింద పెట్టి, అరచేతులు లుంగీకి తుడుచుకుని, మేకుని బెత్తెడు పక్కకి జరిపి మళ్ళీ కొట్టాడు. ఈసారి దిగింది. శివప్రసాద్ గారి దొడ్లో నేలంతా కొబ్బరి వేళ్ళే. ఎక్కడ కొట్టినా ఇనుము ఎదురు తంతుంది.

వెనకాల విజయవాడ నుంచి వచ్చిన డెకరేషన్ వాళ్ళ లారీ ఆగి ఉంది. నల్ల టీషర్టులు వేసుకున్న నలుగురు పెద్ద అట్టపెట్టె లాంటిదాన్ని దించి, తలో పక్కా పట్టుకుని లాగారు. మడతలు విచ్చుకుని నిలువెత్తు మండపం లేచి నిలబడింది. స్తంభాలు, తోరణం, పైన గోపురం, గోపురం మీద రెండు చిలకలు. సత్యం ఒక్క మేకు కొట్టేలోపు వాళ్ళు గుడి కట్టేశారు.

"ఏంటండీ ఇది?" అన్నాడు అయ్యప్ప. సత్యంతో పాటు టెంట్‌హౌస్‌లో చేసేది అతనే. బండి తోలేదీ, నవ్వించేదీ కూడా అతనే.

"పాపప్ మండపం," అన్నాడు నల్ల టీషర్టాయన. "అటుపక్క పాపప్ ఫొటో బూత్, గేటు దగ్గర పాపప్ ఐస్‌క్రీమ్ కౌంటర్. అలా లేపుతాం, పనైపోగానే ఇలా మడిచేస్తాం."

"మేం చేసేదీ అదే కదండీ," అన్నాడు సత్యం.

"మీది టెంటు అంకుల్," అన్నాడతను మర్యాదగా.

సత్యం కంటే అతను మహా అయితే పదేళ్ళు చిన్న. సత్యం ఇంకో మేకు తీసుకున్నాడు.

"బావా, మనం కూడా పేరు మార్చాలి," అన్నాడు అయ్యప్ప. "బండి వెనకాల పాపప్ సత్యం అని రాయిస్తా."

"రాయించు. పక్కనే నీ ఫొటో కూడా వేయించు, దిష్టికి పనికొస్తుంది."

శివప్రసాద్ గారు అటుగా వచ్చి పనివాళ్ళందరికీ తన చేత్తోనే శుభలేఖలిచ్చారు. మంచి మనిషి, ఎవరినీ ఏకవచనంతో పిలవరు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, ఇక్కడ పదెకరాల తోట, ఒక్కతే కూతురు. శుభలేఖ తెరిస్తే లోపల కాగితం మండపం లేచి నిలబడింది. దానికి రెండు పక్కలా కొబ్బరిచెట్లు, కింద పీటల మీద రెండు బొమ్మలు. అయ్యప్ప మూశాడు, తెరిచాడు. మూశాడు, తెరిచాడు. తెరిచినప్పుడల్లా పెళ్ళికూతురు పెళ్ళికొడుకు కంటే ఒక లిప్త ముందు లేస్తోంది.

"ఎల్లుండి సాయంత్రం మీరంతా భోజనాలకి ఉండాలండి," అన్నారు శివప్రసాద్ గారు.

"ఆయ్," అన్నారిద్దరూ. ఉండకపోతే టెంటు పీకేదెవరు?

మర్నాడు పొద్దున్నే ఓనరు ఫోన్ చేశాడు. ఆ కాలవగట్టు రోడ్డులోనే, శివప్రసాద్ గారింటికి కొంచెం ఇవతల, వీర్రాజని కొబ్బరి వలుపు కూలీ చనిపోయాడని, ఐస్ బాక్సూ చిన్న టెంటూ పట్టుకెళ్ళమనీ చెప్పాడు.

వీర్రాజు ఇంటికి వాకిలి లేదు. గడప దిగితే రోడ్డే. రోడ్డుకి అవతల కాలవ. సిమెంటు రోడ్డు మీద మేకు దిగదు కాబట్టి సత్యం గోనెసంచుల్లో ఇసక నింపి, మోకులు వాటికి కట్టాడు. ఒక కొస కరెంటు స్తంభానికీ, ఇంకో కొస ఇంటి దూలానికీ ముడేశాడు. గుడ్డ లేచేసరికి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి మూసుకుపోయింది. మోటార్‌సైకిళ్ళు మాత్రం తల వంచుకుని వెళుతున్నాయి.

శవాన్ని పెట్టెలో పెట్టేటప్పుడు సత్యం కాళ్ళ వైపు పట్టుకున్నాడు. మడమలు పగిలి బీటలు వారి ఉన్నాయి. కుడి అరిచెయ్యి వలిచే కాయని పట్టినట్టుగానే వంగి ఉండిపోయింది. దాన్ని చాపుదామని తమ్ముడి కొడుకు రాజేంద్ర రెండుసార్లు చూసి వదిలేశాడు.

వీర్రాజు భార్య సీతారత్నం పెట్టె పక్కనే కూర్చుని, మోటారు హోరుమనగానే ఉలిక్కిపడింది.

"అన్నయ్య గారూ, ఇందులో ఎంతసేపు ఉంచొచ్చండీ?"

"కరెంటున్నంతసేపూ ఉంచొచ్చమ్మా."

"మా అమ్మాయి రావాలండీ. కుసుమని, మస్కట్‌లో ఇంటిపనికెళ్ళింది. మాకు అదొక్కతేనండి. వాళ్ళ సేఠుని బతిమాలుకుందంట, పంపిస్తున్నారంట. రేపు పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చేస్తానంది. దాని మొహం చూడకుండా ఎత్తొద్దని ఫోన్లో ఒకటే ఏడుపు."

"వచ్చేస్తుందిలేమ్మా," అన్నాడు సత్యం. చావింట్లో అతనెప్పుడూ మాటివ్వడు. కుర్చీలు దించి వచ్చేస్తాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియలేదు.

సాయంత్రం శివప్రసాద్ గారు వచ్చారు. చెప్పులు దూరంగా విడిచి, పెట్టెకి దణ్ణం పెట్టి, కుర్చీ ఇవ్వబోతే వద్దని నిలబడే ఉన్నారు. వెంట ఊరి పెద్ద సూర్యారావు గారున్నారు. గాలికి కొట్టుకుంటున్న కొసని కడుతూ సత్యం స్తంభం దగ్గర ఉన్నాడు.

"వీర్రాజు మా దొడ్లో ఎన్ని లక్షల కాయలు వలిచేడోనమ్మా. నాకు బాధ లేదంటారా?" అన్నారు శివప్రసాద్ గారు. "ఖర్చు దేనికైనా నా దగ్గరికి పంపండి. అదికాదు. రేపు సాయంత్రం పెళ్ళికొడుకు వాళ్ళు గంగవరం నుంచి వస్తున్నారు. దారి ఇదొక్కటే కదా. ఎదురుగా ఇది కనపడితే వాళ్ళు వెనక్కి తిరిగినా తిరుగుతారమ్మా. పట్టింపులున్న మనుషులు."

సీతారత్నం పెట్టె అద్దం మీది తేమ చీర కొంగుతో తుడుస్తోంది.

"మేమేం ఇప్పుడే తియ్యమంటం లేదండి. రేపు మధ్యాహ్నం దాకా ఉంచుకోండి. మా అమ్మాయి శ్రీవాణి మీ కుసుమ లాంటిది కాదామ్మా?"

"పిల్ల సాయంత్రానికొస్తదండీ," అంది సీతారత్నం.

"విమానాలండి. ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు?" అన్నారు సూర్యారావు గారు. "ఫోన్లో చూపించేద్దాం. ఇప్పుడంతా ఫోన్లోనే చూస్తున్నారు. రాజేంద్రా, నీ ఫోన్లో బ్యాలెన్సుందా?"

"ఉందండి."

"మరింకేం?"

సీతారత్నం ఏదో అనబోయింది. మళ్ళీ అద్దం తుడుచుకుంటూ ఉండిపోయింది. శివప్రసాద్ గారు ఆ మౌనానికే దణ్ణం పెట్టి, "మీ మేలు మర్చిపోనమ్మా," అని వెళ్ళిపోయారు. ఒక్క కేక లేదు, ఒక్క పొల్లుమాట లేదు. సత్యం కొస ముడి మూడోసారి బిగించాడు.

"ఇదే ఎవడైనా తాగొచ్చి తిడితే ఊరంతా తిరగబడేది బావా," అన్నాడు అయ్యప్ప బండి దగ్గర. "ఇంత మర్యాదగా గెంటితే ఎలా తిరగబడతాం?"

మర్నాడు ఎండ పేలిపోతోంది. కుసుమ రాజమండ్రిలో విమానం దిగి కారెక్కిందని రాజేంద్రకి కబురొచ్చింది. ఆ మాట సీతారత్నం అందరికీ చెప్పింది. పాడె కడుతున్న వాళ్ళకి కూడా చెప్పింది. వాళ్ళు తలూపి వెదుళ్ళు కట్టుకుంటున్నారు.

అప్పుడు ఓనరు ఫోన్ మళ్ళీ మోగింది.

"శవాన్ని ఎత్తగానే టెంటు విప్పేసి పెళ్ళి దగ్గరికి తెచ్చెయ్. కారు డ్రైవర్ల భోజనాలకి నీడ లేదంటున్నారు. కుర్చీలు కూడా."

"చావింటి గుడ్డండి. ఉతక్కుండా పెళ్ళికాండీ?"

"డ్రైవర్లకేనయ్యా. వాళ్ళకేం తెలుస్తుంది?"

"ఆయ్," అన్నాడు సత్యం.

పెట్టె ప్లగ్గు తీసింది అతనే. మోటారు ఆగాక గాని నిన్నట్నించీ అది హోరుమంటోందని ఎవరికీ గుర్తు రాలేదు. ఉన్నట్టుండి కాలవ నీళ్ళ చప్పుడు వినపడింది. రాజేంద్ర ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. తెరమీద కారు సీటు, కిటికీ, ఒక చెంప కనపడ్డాయి. "ఎత్తకండ్రా, రాజమండ్రి దాటేసేను, అన్నయ్యా, వచ్చేసేను," అని గొంతు వినపడింది. తర్వాత బొమ్మ కదలకుండా ఆగిపోయింది. సూర్యారావు గారు ఆగిపోయిన ఆ బొమ్మ వంకే చూసి, "చూసేసింది కదా, పదండి," అన్నారు.

శవం లేచింది. సత్యం గుడ్డ దించుతుంటే ఇసక సంచీ ఒకటి దానంతటదే పక్కకి కదిలింది. తిరిగి చూస్తే సీతారత్నం రెండు చేతులతో దాన్ని ఈడుస్తోంది.

"ఎందుకమ్మా మీకు?"

"దారికడ్డం కదండీ," అందామె. సంచీ వదిలేసి పాడె వెనకాల నడిచింది.

టెంటూ కుర్చీలూ బండికెక్కించి బయల్దేరేసరికి శవయాత్ర గట్టు మలుపు దగ్గరే ఉంది. గట్టు సన్నం, బండి పెళ్ళింటి వైపు తిప్పాలంటే వంతెన దాకా వెళ్ళాల్సిందే. బండికి దాటే దారి లేదు. అయ్యప్ప పాడె వెనకాలే నెమ్మదిగా తోలాడు. వంతెనకి ఇవతల, కొబ్బరిపీచు గుట్టల పక్కన, గట్టు దిగగానే చిన్న మెరక ఉంది. అక్కడి నుంచి ఒక బాట శ్మశానానికి పోతుంది. ఆ ఊళ్ళో దింపుడు కళ్ళం అదే. ఎవరు పోయినా అక్కడ పాడె దించుతారు. చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలకరు. మళ్ళీ ఎత్తుకుంటారు. ఆడవాళ్ళు అక్కడితో ఆగిపోతారు.

పాడె దించారు. రాజేంద్ర నిప్పుకుండ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగాడు.

"పెదనాన్నా!"

అందరూ ఆగారు.

"పెదనాన్నా!"

సీతారత్నం ముందుకొచ్చి రాజేంద్ర నోటిమీద అరిచెయ్యి వేసింది. గట్టిగానే వేసింది. అతని తల వెనక్కి వెళ్ళింది.

"మూడోది దానికి ఉంచరా," అంది.

"అదేంటమ్మా?" అన్నారు సూర్యారావు గారు.

"మూడోది పిలిస్తే ఎత్తాలి కదండీ. పిలవకండి. మీ వీధిలోంచి తెచ్చేసేరు కదా. ఇక్కడ ఎవరి దారికడ్డమండీ?"

 ఆచారంలో పిలుపులు మూడని ఉంది గాని, పిలుపుకీ పిలుపుకీ మధ్య ఎంతసేపుండాలో ఎక్కడా లేదు. సూర్యారావు గారు పక్కవాళ్ళ మొహాలు చూశారు. వాళ్ళు నేల చూశారు. అందరి నెత్తినా ఎండ నిప్పులు పోస్తోంది. పెట్టెలోంచి బయటికొచ్చిన వీర్రాజు మొహం మీద తేమ అప్పుడే ఆరిపోయింది. ఎవరో కండువా విప్పి అడ్డం పట్టారు. అది మొహానికే సరిపోలేదు.

"ఎండలో ఎంతసేపుంచుతామమ్మా? పాడైపోతాడు," అన్నారు సూర్యారావు గారు. ఈసారి గొంతులో నిజంగానే జాలి ఉంది.

సత్యం బండి దిగాడు.

"ఏంటి బావా?" అన్నాడు అయ్యప్ప.

సత్యం వెనక తలుపు గొలుసు తీశాడు. గుడ్డ మూట భుజానికెత్తుకుని గట్టు దిగాడు. మూట కింద పడేసి, మళ్ళీ ఎక్కి, మేకులూ సమ్మెటా తెచ్చాడు. మెరక మీద ఒండ్రుమట్టి. మొదటి మేకు రెండు దెబ్బలకే కంఠం దాకా దిగింది. ఈ సీజన్లో ఇంత హాయిగా దిగిన నేల ఇదే.

అయ్యప్ప స్టీరింగ్ మీద తలపెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత తిట్టుకుంటూ గుంజలు దించాడు. పాడె మోసిన వాళ్ళలో ఇద్దరు ఎవరూ అడక్కుండానే చెరో గుంజా పట్టుకున్నారు. నడిమి గుంజ లేపేటప్పుడు అందరూ ఒక్కసారి "హైలెస్స" అన్నారు. అని, చావు గుర్తొచ్చి నోళ్ళు మూసుకున్నారు. గుడ్డ గాలి నింపుకుని లేచింది. వీర్రాజు మీద నీడ పడింది.

"ఎవరు వెయ్యమన్నారయ్యా?" అన్నారు సూర్యారావు గారు.

"మీరు ఎండలో నిలబడ్డారు కదండీ," అన్నాడు సత్యం మోకు లాగుతూ. "మీకసలే బీపీ."

అయ్యప్ప ఒక కుర్చీ విప్పి ఆయన వెనకాల పెట్టాడు. "కూర్చోండి బాబాయ్ గారూ."

సూర్యారావు గారు కుర్చీని చూశారు, శ్మశానం బాటని చూశారు. కూర్చున్నారు. తర్వాత ఇంకో పెద్దమనిషి. తర్వాత అందరూ. కుర్చీ వేశాక తొందరపడినవాణ్ణి సత్యం ఇన్నేళ్ళ సర్వీసులో చూడలేదు. కాసేపట్లో ఒకాయన కొబ్బరి రేటు ఎత్తాడు. ఇంకొకాయన దానికి బదులు చెప్పాడు. పెళ్ళిలో వేసిన విజయవాడ మండపం గురించి కూడా వచ్చింది. నిన్న వీధిలో నిలవనివ్వని మనిషి పక్కన తీరిగ్గా కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?"

"దార్లో ఉన్నానండి."

"గుడ్డ తెస్తున్నావా?"

"ఆయ్."

అయ్యప్ప విన్నాడు. "రేపట్నించి మనకి పనుండదు బావా."

"ఉండదు."

"నాకొక ముక్క చెప్పి దూకొచ్చు కదా."

"చెప్తే బండి ఆపేవాడివా?"

అయ్యప్ప నిజాయితీగా ఆలోచించాడు. "ఆపేవాణ్ణి కాదు," అన్నాడు.

ఎండ పసుపు రంగుకి తిరిగేవేళ వంతెన అవతల బ్యాండు వినపడింది. సూర్యారావు గారు కుర్చీలోంచి సగం లేచారు.

"పెళ్ళివారయ్యా! అడ్డం గుడ్డ కట్టు. గట్టు మీంచి కనపడకూడదు."

సత్యం పక్క గుడ్డలు దించి కట్టాడు. అయ్యప్ప బండిని పీచు గుట్టల వైపుకి ఒరగదీసి కార్లకి దారిచ్చాడు. కార్లు వంతెనెక్కి ఆగిపోయాయి. ఎదుర్కోలుకి వచ్చిన పెళ్ళికూతురి వైపు వాళ్ళు వంతెన మీదే పన్నీరు చల్లుతున్నారు, గంధం పూస్తున్నారు, బ్యాండు ముందు కుర్రకారు ఎగురుతోంది. ముందు కారు అడుగు వేస్తేగాని వెనక కారు కదలదు. వెనకాల ఎన్ని కార్లున్నాయో కనపడటం లేదు. ఒక కారు టెంటు పక్కకి వచ్చి అద్దం దించింది. లోపల జరీచీర పెద్దావిడ.

"బాబూ, విడిది ఇదేనా?"

"ఇది కాదండి," అన్నాడు అయ్యప్ప చేతులు కట్టుకుని. "మీది ఇంకా ముందుకండి."

రాజేంద్ర ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కుసుమ ఎత్తింది. వంతెన అవతలే ఉంది. పెళ్ళి కార్ల వెనకాల ఇరుక్కుపోయింది. దిగి నడిచి వస్తున్నానంది.

సీతారత్నం పక్క గుడ్డ కొస పట్టుకుని ఆ సందులోంచి గట్టు వైపు చూస్తూ నిలబడింది. పెళ్ళిజనం మధ్యలోంచి, చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ ఒకమ్మాయి వచ్చింది. గట్టు అంచున చక్రం మట్టిలో దిగబడింది. పెట్టె అక్కడే వదిలేసింది. దొర్లినట్టుగా గట్టు దిగింది.

టెంటులోకి కుసుమ వచ్చేసరికి గుప్పున పన్నీరు వాసన వచ్చింది. జుట్టు మీద, భుజాల మీద చుక్కలు. ముంజేతి మీద గంధం మరక. వంతెన మీద ఎవరో ఆమెని పెళ్ళికొచ్చిన మనిషనుకున్నారు. తల్లి ఆ చెయ్యి పట్టుకుని, గంధం చూసి, తన కొంగుతో తుడిచింది. ఏడుపుకంటే ముందు ఆమె చేసిన పని అదే.

కుసుమ తండ్రి తల దగ్గర కూర్చుంది. వంగిపోయిన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చాపాలని చూడలేదు. ఆ వంపులో తన వేళ్ళు పెట్టి పట్టుకుంది. అంతే. 

పెళ్ళికార్లు వెళ్ళిపోయాయి. బ్యాండు దూరమైంది. పక్క గుడ్డ మీద ఎండ ఎర్రబడి, నేలకి దిగుతోంది.

"పిలమ్మా," అంది ఎవరో ముసలామె నెమ్మదిగా.

కుసుమ తల అడ్డంగా ఊపింది.

సూర్యారావు గారు లేచి నిలబడి బయటికెళ్ళి సూర్యుణ్ణి చూసి వచ్చారు. పొద్దు గూకితే నిప్పు పెట్టరు. రాత్రంతా ఈ మెరక మీద, పెట్టె లేకుండా, కరెంటు లేకుండా. ఆయన నోరు తెరిచారు. సీతారత్నాన్ని చూసి మూసేశారు. రాజేంద్ర నిప్పుకుండ మీద బూడిద ఊదుతున్నాడు.  సీతారత్నం కూతురి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆమె కూడా ఏమీ అనదని సత్యానికి అర్థమైంది. మూడో పిలుపు నోట్లోంచి వచ్చేదాకా వీర్రాజు వాళ్ళ దగ్గరే ఉంటాడు. తల్లీ కూతురూ అక్కడే ఆగిపోయారు.

పెట్టెలోంచి తీసి ఎంతసేపైందో ఆ మొహం చెబుతోంది. ఇంకాసేపు పోతే కుసుమ చూసేది తను చూడ్డానికొచ్చిన మొహం కాదు. ఇలాంటివి చాలా ఇళ్ళలో అతను చూశాడు.

సత్యం ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దు పోతోందమ్మా. పిలిచెయ్యి."

కుసుమ తలెత్తింది. అతని చొక్కా జేబు మీది టెంట్‌హౌస్ పేరు చూసింది. గుడ్డ సందులోంచి, గట్టు మీద ఆగిన బండినీ, దాని అద్దానికి అంటించిన శివప్రసాద్ గారింటి పెళ్ళి కాగితాన్నీ చూసింది.

"మీకూ తొందరేనాండీ?" అంది.

అయ్యప్ప ఏదో చెప్పబోతూ ఒక అడుగు ముందుకేశాడు. సత్యం అతని వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపాడు.

"ఆయ్," అన్నాడు.

ఆమె అతని వంక ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత వంగి, తండ్రి చెవికి నోరు ఆనించి పిలిచింది. ఏమని పిలిచిందో ఎవరికీ వినపడలేదు. ఆమె తల ఎత్తగానే రాజేంద్ర కుండ అందుకున్నాడు. నలుగురూ పాడె కిందకి భుజాలు పెట్టారు. మగవాళ్ళంతా బాట పట్టారు. ఖాళీ కుర్చీల మధ్య తల్లీ కూతురూ, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ మిగిలారు.

సత్యం పక్క గుడ్డలు విప్పాడు. అయ్యప్ప కుర్చీలు మడిచి గట్టెక్కించాడు. మేకులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. మెత్తని నేల, అడగ్గానే వదిలేస్తోంది. బాట చివర పొగ లేచేదాకా చూడాలని కుసుమ మూల గుంజని ఆనుకుని నిలబడింది. గుడ్డ దించేశాక ఆ గుంజకి మోకు కూడా లేదు. అది దానంతటది నిలవదు.

సత్యం వెనక నుంచి వచ్చి, ఆమెకి తగలకుండా, గుంజని పైన ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.